రేకు గొంతు

డెల్మస్ ప్రాఫిట్ డోబ్రోని
నలభై ఏళ్లలో పదకొండుసార్లు విప్పాను.
మనిషిని ఒక్కసారీ విప్పలేకపోయాను.

బ్రిస్టల్ ఊరి చివర, పాత టైర్ల కొట్టు పక్కన
నా మరమ్మతు గది.
భుజంతో తలుపు తోసుకొచ్చి
పెట్టె బల్లమీద దించేవాడు.
"దగ్గుతోంది" అనేవాడు. అంతే.
రోగమేదో నేనే వెతుక్కోవాలి.

గిటారే, కానీ గిటారులా పట్టుకోరు దాన్ని.
జ్వరమొచ్చిన బిడ్డలా
ఒళ్లో వెల్లకిలా పడుకోబెడతారు.
పొట్టలో పలచని అల్యూమినియం గిన్నె,
పైన కారు చక్రం మూతలాంటి చిల్లుల రేకు.
తీగని వేలితో నొక్కరు, ఉక్కు కడ్డీ జారుస్తారు.
మెట్లుంటాయి గాని
మెట్టుమీద కాలు మోపకుండానే
కిందికి దిగుతుంది స్వరం.

అతని మొదటి కడ్డీ
తండ్రి బొగ్గుగని నుంచి జేబులో తెచ్చిన
అరిగిన ఇరుసు ముక్క.
పదిహేడో ఏట, పిండి కంపెనీ రేడియోలో
తెల్లారి ఐదుంపావుకి వాయించాడట,
పాలు పితికేవాళ్లు తప్ప
ఇంకెవరూ లేవని వేళ.

తర్వాత నెల్డా క్రిస్ప్ బృందంలో పంతొమ్మిదేళ్లు.
బస్సులో ఇంజను పక్క సీటు,
వేసవిలో కూడా అదే సీటు.
ఆమె పాడుతుంది, ఊపిరి తీసుకుంటుంది.
ఆ ఊపిరంత జాగా ఇతనిది.
ఒక సంతలో, తమ్ముడు పోయిన కబురు విన్న రాత్రి
ఆమె రెండో చరణం దగ్గర ఆగిపోయింది.
చరణం మొత్తం ఇతనే వాయించాడు,
మాటలు ఒక్కొక్కటీ తెలిసేలా.
జనం చప్పట్లు మరిచిపోయారని
డ్రమ్ములు వాయించినతను నాకు చెప్పాడు.
డెల్మస్ చెప్పలేదు.

రికార్డు అట్టమీద ఒక్కసారే పేరు వేశారు,
అదీ "డెల్మర్" అని.
చెక్కుమీద సరిగానే ఉందిలే అన్నాడు.

డెబ్భై రెండు, నాష్‌విల్, మూడు గంటల కూలి,
అందులో ఆఖరి తొమ్మిది నిమిషాలు.
చెమట వేళ్లలో కడ్డీ జారింది.
తీగ మూలిగి, తడబడి,
అరక్షణం ఆలస్యంగా ఇల్లు చేరింది.
మళ్లీ వాయిస్తానన్నాడు.
టైము లేదు, పొమ్మన్నారు.
ఆ మూలుగుతోనే పాట దేశమంతా తిరిగింది.

ఇప్పుడు దానికొక పేరుంది: ప్రాఫిట్ జారుడు.
వేసవి శిబిరాల్లో సగం వేగానికి తగ్గించి నేర్పుతారు.
పళ్లకి తీగ కట్టుకున్న ఒక పిల్ల, జూనెల్ స్టాలర్డ్,
నా గదిలోనే అతని ముందు వాయించింది.
అదే మూలుగు, అదే తడబాటు,
అరక్షణం కూడా తేడా లేదు.
"ఎలా చేశారు మొదట?" అని అడిగింది.

పెట్టె ఒళ్లోకి తీసుకున్నాడు.
అల్లం కొమ్ముల్లాంటి వేళ్లు.
ఒకసారి, రెండుసార్లు, ఏడుసార్లు.
ఎన్నిసార్లు జార్చినా
పాడు స్వరం, సరిగ్గానే వచ్చింది.

ముగ్గురం నవ్వాం.
అతను కాస్త ముందే ఆపాడు.

మొన్న ఆగస్టులో మళ్లీ తెచ్చాడు.
దగ్గుతోందని అనలేదు.
విప్పి చూస్తే గిన్నె అంచున వెంట్రుకంత పగులు.
కొత్తది వేస్తానన్నాను.
"నాకొద్దు. ఆ పిల్లనడిగి వెయ్యి" అన్నాడు.
కడ్డీ మాత్రం జేబులో వేసుకుని,
ఎప్పటిలా రెండు డాలర్లు బేరమాడి,
డబ్బు లెక్కపెట్టి ఇచ్చి వెళ్లాడు.

పెట్టె కిటికీ పక్క అరలో ఉంది.
రోడ్డుమీద కలపలారీ పోయినప్పుడల్లా
లోపల్నించి ఏదో అంటుంది.
ఇసకకాగితం ఆపి వింటాను.

పిల్ల ఇంకా రాలేదు.
బడులు తెరిచారు కదా,
ఆదివారం వస్తుందేమో.